నాలుగు గంటల ఆకలి

మానవుని ఆకలులలో ఉదయపుటాకలి న్యాయమైనది, మధ్యాహ్నపుటాకలి శాస్త్రసమ్మతమైనది, రాత్రి యాకలి గృహస్థధర్మమునకు లోబడినది. కాని సాయంకాలము నాలుగు గంటలకు, మధ్యాహ్నభోజనము పూర్తిగా జీర్ణము కాకమునుపే, కార్యాలయమున నున్నవానికి ఫైళ్ళ నడుమను, ఇంటనున్నవానికి పడకకుర్చీలోను, పిలువని పేరంటముగా వచ్చి కూర్చుండు నాకలి యొకటి కలదే, దానికి జఠరముతో నెట్టి సంబంధమును లేదని నా దృఢాభిప్రాయము. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. నిజమైన ఆకలి యెదుట నేది పెట్టినను తినును. ఈ నాలుగు గంటల ఆకలియో, మిరపకాయ బజ్జీయే కావలెననును. అందు వాము కూరవలెననును. పైని ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండవలెననును. అదియు మలుపులోని బండివానిది పనికిరాదు, సందు చివరి వానిదే తేవలెనని పట్టుపట్టును. ఇన్ని రుచులెరిగిన దానిని ఆకలి యని యెట్లు నమ్మవచ్చును?

ఈ విషయమున మా యింట న్యాయస్థానము మా ఆవిడ. నేను వంటయింటిలో డబ్బా మూతలు తీయు చప్పుడు వినబడినంతనే విచారణ ప్రారంభమగును.

"ఏమిటండీ వెతుకుతున్నారు?"

"ఆకలేస్తోందే."

"గిన్నెలో గుగ్గిళ్ళున్నాయి, పెట్టనా?"

"గుగ్గిళ్ళా? ఇవాళేం పండగ?"

"అయితే అది ఆకలి కాదులెండి."

ఆ తీర్పుపై అప్పీలు లేదు. అయితే నేను వేసిన ప్రశ్న మాత్రము అంత తేలికగా కొట్టివేయదగినది కాదు. గుగ్గిళ్ళనగా పండుగ యేల గుర్తుకు రావలెను? శ్రీరామనవమినాడు మనము దేవునికి నివేదించి తినునది నానిన పెసరపప్పు, తొలి ఏకాదశినాటిది జొన్నపేలాలు విసరి బెల్లము కలిపిన పేలపిండి, నాగులచవితికి చిమ్మిలి, వినాయకచవితికి ఆవిరిపై నుడికిన కుడుములును ఉండ్రాళ్ళును, నవరాత్రములలో గుగ్గిళ్ళు, తెలంగాణమున సద్దుల బతుకమ్మనాడు నువ్వులతోను పల్లీలతోను చేసిన సత్తుపిండి. ఇక శ్రావణమాసము సంగతి చెప్పనే యక్కరలేదు. మంగళవారపు నోములును వరలక్ష్మీ వ్రతమును కలిసి, పేరంటమునకు పోయిన ప్రతి యిల్లాలికిని నానబోసిన శనగలు వాయనముగా నిచ్చి పంపుటచే, ఆ నెలలో మా యింట శనగలు పోయుటకు గిన్నెలు చాలక, అవి ఉదయము పోపు శనగలుగాను, మధ్యాహ్నము వంకాయతో కలిసి కూరగాను, సాయంకాలము వడియకట్టి ఎండబెట్టినవిగాను అవతారములెత్తి మా జీవితమును సర్వతోముఖముగా ఆక్రమించును. నేడు పోషకాహార నిపుణులు రుసుము పుచ్చుకొని, చక్కని పట్టికలో వ్రాసి యిచ్చుచున్న సాయంకాలపు తిండి యంతయు ఆ వాయనపు మూటలోనిదే.

దేవతలకు గారెలు బూరెలు చేదా యని మీరడుగవచ్చును. కావు. ఆంజనేయస్వామికి వడమాల వేయుట నేనెరుగుదును. అయితే ఆ మాల స్వామి మెడలో పడునది యెవరి మ్రొక్కో తీరిననాడు. మనము మ్రొక్కులతో నిమిత్తము లేకయే నిత్యము వేసికొనుచున్నాము. ఇదియే నేటి విపరీతము. వేయించిన పిండివంట పండుగనాటిదిగాను, నానినవి ఉడికినవి పేలినవి నిత్యము తినునవిగాను ఉండిన కాలము పోయి, వేపుడు నిత్యవిధియు, గుగ్గిళ్ళు ఏటికొక్కనాటి ప్రసాదమును అయినవి.

ఎనుబది దాటిన మా అమ్మ ఈ మార్పును నాకంటె సూటిగా చెప్పును. "మా రోజుల్లో సంక్రాంతికి మూకుడు పెడితే వీధి వీధంతా వాసనేరా. గానుగ నూనె కొనడం సామాన్యమా? జంతికలు చేసి, డబ్బాలో పోసి, మీకందకుండా అటక మీద పెట్టేదాన్ని. ఇప్పుడు వీధికి నాలుగు మూకుళ్ళు. ఒక్కటీ పొయ్యి దిగదు." పూర్వుల మితాహారమును గూర్చి ఉపన్యసించువారు వారి వైరాగ్యమును మిక్కిలిగా పొగడుదురు గాని, ఆ మితమునకు వైరాగ్యముకంటె నూనె ధరయు అటక యెత్తును ఎక్కువగా తోడ్పడినవని నేననుకొందును. నిచ్చెన వేసికొని జంతిక తినుట కెంతటి జిహ్వాచాపల్యము కలవాడైనను దినమున కొకసారికంటె సాహసింపడు.

నేడు అటకయు లేదు, నిచ్చెనయు లేదు. చేగోడీలు, సకినాలు, కారప్పూస మొదలగునవన్నియు పంచాంగమును వదలి మెరుగు సంచులలో ప్రవేశించి, ప్రతి కిరాణా కొట్టు గుమ్మమునను తోరణములై వ్రేలాడుచున్నవి. మా అబ్బాయి ఆరోగ్యాభిలాషి. వాడు తెచ్చు సంచులపై పచ్చని ఆకు బొమ్మయు, "బహుధాన్యములు" అను మాటయు తప్పక ఉండును. సంచిలోని పదార్థములను బరువులో హెచ్చైన దానినుండి తక్కువ దానికి వరుసగా ముద్రింపవలెనని మన దేశమున నియమము కలదు. ఒకనాడు భూతద్దము పట్టి ఆ వరుసను పఠించితిని. మొదట మైదాపిండి, పిమ్మట పామాయిలు, ఆ పిమ్మట చక్కెర. రాగి, జొన్న, ఓట్సు మాత్రము శుభలేఖ చివర చిన్న అక్షరములలో నిరికిన దూరపు బంధువులవలె అడుగున నెక్కడనో కనబడినవి. శక్తి యెంతయో తెలుపు లెక్క 30 గ్రాములకు వేసియున్నది. సంచిలోనిదో అంతకు అనేక రెట్లు. సంచి విప్పిన పిమ్మట 30 గ్రాములకడ ఆగిన మహాత్ముని నేనింతవరకు దర్శింపలేదు. మన శాస్త్రకారులు ఆహారమును భక్ష్య భోజ్య లేహ్య చోష్యములని నాలుగు తెరగులుగా విభజించిరి గదా. భక్ష్యముగా మొదలైన ఈ తిండి, అడుగున మిగిలిన కారపుపొడిని తడివ్రేలితో అద్దుకొని నాకుటతో లేహ్యముగా పరిసమాప్తి నొందును.

బండిమీది బజ్జీని నేను ద్వేషించువాడను కాను. దానియందు కనీసము కపటము లేదు. అది తన్ను బహుధాన్యమని చెప్పుకొనదు. చిక్కంతయు నూనెతోనే. ఒకే నూనెను మరల మరల కాచుటచే అందు పుట్టు పోలార్ పదార్థములు 25 శాతము దాటినచో ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై నుండి నియమమున్నది. బండివానివద్ద దానిని కొలుచు యంత్రముండదు. మనవద్ద నున్న యంత్రములు కన్నును ముక్కును. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగెత్తుచున్నచో మారుమాటాడక మరలిపోవుట మంచిది. అచ్చుసిరా తిండికంటుకొనును గావున వార్తాపత్రికలలో పొట్లములు కట్టరాదనియు అధికారులు చెప్పియున్నారు. సాహిత్యాభిమానిగా నాకీ కట్టడి కొంత కష్టముగా నున్నది. ఎన్నో ధారావాహికల నడిమి భాగములు నేను చదివినది బజ్జీల పొట్లములలోనే. వాని మొదలును చివరయు ఏమైనవో నేటికిని తెలియదు.

దేశమంతటికిని ఏమి తినవలెనో చెప్పు సంస్థ మన హైదరాబాదులోనే, తార్నాకలో నున్నది. 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక్క గదిలో ప్రారంభించిన ప్రయోగశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా విఖ్యాతి గాంచినది. 2024లో ఆ సంస్థ 17 సూత్రములతో ఆహారనియమావళి నొకదానిని ప్రకటించినది. నూనెయు చక్కెరయు ఉప్పును మిక్కుటముగా గల తిండిని తగ్గింపుడనియు, పప్పుధాన్యములు, కాయగూరలు, పండ్లు పెంపుడనియు, సంచిపై ముద్రించినది చదివి మరి కొనుడనియు అందలి సారము. అయినను సాయంకాలము తార్నాక కూడలిలో బస్సుకొరకు నిలిచిన వానికి 17 సూత్రములలో నొక్కటియు స్ఫురింపక, వేగుచున్న మిరపకాయ వాసన మాత్రమే స్ఫురించుట విధివిలాసము.

ఇక ఏమి తినవలెనందురా? నా యోటు గుగ్గిళ్ళకే. నూరు గ్రాముల ముడి శనగలలో ప్రోటీను ఇంచుమించు 18 గ్రాములుండును, పీచుపదార్థము పుష్కలము, తిన్న పిమ్మట రాత్రి భోజనమువరకు కడుపు మరల నోరెత్తదు. చేయువిధానము చెప్పుటకు సిగ్గుపడునంత సులభము. నానిన శనగలు ఉప్పువేసి కుక్కరులో ఉడికించి, చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి, కొబ్బరికోరు చల్లి, దింపిన పిమ్మట నిమ్మకాయ పిండవలెను. ఈ నిమ్మకాయ రుచికి మాత్రమే కాదు; పప్పుధాన్యములలోని ఇనుము ఒంటికి పట్టుటకు విటమిన్ సి తోడ్పడును. ఆ వెంటనే కాఫీ త్రాగినచో ఆ ఇనుము సరిగా పట్టదట; ఈ వాక్యమును మా యింట నేను బిగ్గరగా చదువలేదు. శనగలు విసుగైననాడు అలసందలు, పెసలు, బొబ్బర్లు ఉండనే యున్నవి. (అలసందలును బొబ్బర్లును ఒకటియే యని మా ఆవిడ పక్కనుండి చెప్పుచున్నది. రాయలసీమ చుట్టములు వచ్చిననాడు అలసందలు, మిగిలిననాళ్ళు బొబ్బర్లు అని సవరించుకొనుడు.)

గుగ్గిళ్ళకున్న లోపమొక్కటే. నాలుగు గంటలకు తినవలసిన వానిని ముందురాత్రియే నానబోయవలెను. అనగా రేపటి ఆకలిని నేడే ఊహింపవలెను. బజ్జీకి ఇట్టి దూరదృష్టి యక్కరలేదు. లోకమున గుగ్గిళ్ళు ఓడి బజ్జీ గెలిచినది రుచివలన కాదు, ఈ యొక్క రాత్రి వ్యవధివలననే. అంత ముందుచూపు లేనివారికి పుట్నాలపప్పు కలదు. నానబెట్టనక్కరలేదు, ఉడికింపనక్కరలేదు, జేబులో పోసికొని పోవచ్చును. మరమరాలు ఒంటరిగా తిన్నచో గాలి తిన్నట్లే; అందు పుట్నాలు, పల్లీలు, ఉల్లి, టొమాటో, పచ్చిమిర్చి కలిపి నిమ్మరసము చల్లినచో గౌరవింపదగిన ఫలాహారమగును. కోస్తా ఊళ్ళలో నిప్పుల పిడతను నెత్తిన పెట్టుకొని వెచ్చగా నుండు పిడత కింది పప్పు ఈ శాస్త్రమును ఎప్పుడో కనిపెట్టినది.

వేరుశనగలను గూర్చి ఒక రహస్యము చెప్పెదను. అందు ప్రోటీనెంత హెచ్చో నూనెయు అంతకంటె హెచ్చు. ఒలిచి వేయించి మసాలా పట్టించిన పల్లీలను టీవీ యెదుట పెట్టుకొని కూర్చున్నవాడు, నాయకుడు నాయికను కలిసికొనులోపల పావుకిలో ముగించి, తాను ఏమియు తినలేదనియే ప్రమాణము చేయును. అదే కాయలను పొట్టుతో ఉడికించి పెట్టినచో, ఒక్కొక్క కాయను వ్రేళ్ళతో చిట్లించి, గింజ తీసి, నోట వేసికొనునప్పటికి ఆకలికి తృప్తియు చేతులకు అలసటయు ఒక్కసారే కలుగును. చలికాలపు తేగలును అట్టివే. పీచు లాగి నమలి తినువాడు ఒకటి రెండింటిని మించి పోజాలడు. కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఎండాకాలపు ముంజెలు, సంక్రాంతి రేగుపండ్లు, అన్నియు ఈ కోవకు చెందినవే. చేతికి పని చెప్పు తిండిని ఎన్నుకొనుడు. అది మా అమ్మ అటకకు ప్రత్యామ్నాయము.

జామకాయను గూర్చి చెప్పుటకు విశేషమేమియు లేదు. నారింజకంటె కొన్ని రెట్లు విటమిన్ సి కలదై యుండియు, బండిమీద చవుకగా దొరకుట చేతనే దానికి గౌరవము లేకపోయినది. ఉప్పుకారము మాత్రము తక్కువ అద్దుకొనుడు. ఇటీవల మఖానా యని కలువజాతి మొక్క గింజలను పేల్చినవి మన ఊళ్ళకు విరివిగా వచ్చుచున్నవి. అవి మిథిల సరకు. 2022లో భౌగోళిక గుర్తింపు కూడ పొందినవి. సీతమ్మవారి పుట్టినింటి వస్తువు గావున నిరాకరింపరాదు గాని, ధర చూచినప్పుడెల్ల మన జొన్నపేలాలు ఏమి పాపము చేసినవా యని నా మనస్సు కలగును. రాగిలో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు, నువ్వులలో వేయికి పైమాటయే. గావున రాగిజావయు నువ్వుండయు పిల్లలకు మేలైనవి. అయితే మా మిత్రుడొకడు, మధుమేహము కలవాడు, నువ్వుండలను వరుసగా మ్రింగుచు, "ఇది బెల్లమండీ, పంచదార కాదు" అని నన్ను సమాధానపరచుచుండును. రక్తములో ప్రవేశించిన పిమ్మట బెల్లమునకును పంచదారకును అట్టి కులభేదము లేదని వైద్యుడు చెప్పినను అతడు వినుట లేదు.

కావున నా విన్నప మొక్కటే. ఈ వ్యాసమును రాత్రిపూట చదువుచున్న పాఠకులు, పత్రికను ప్రక్కన పెట్టి, దీపమార్పుటకు ముందు వంటయింటిలోనికి పోయి, ఒక గ్లాసెడు శనగలు కడిగి నీళ్ళలో పోసి మరి పరుండవలెనని ప్రార్థించుచున్నాను. పగటిపూట చదువుచున్నవారు, ముఖ్యముగా సాయంకాలము నాలుగు గంటలకు చదువుచున్నవారు, పుట్నాలపప్పు డబ్బా యెచ్చట నున్నదో ఇంటివారినడిగి తెలిసికొందురు గాక.