ఉగ్గుపాలతో రిమోట్టు

రిమోట్టును నోట్లో పెట్టుకోవడమే తప్ప నొక్కడం తెలియని ప్రేక్షకుల కోసం 2003లో ఇజ్రాయెల్‌లో బేబీటీవీ మొదలైంది. 2006లో అమెరికాలో దానికి పోటీగా బేబీఫస్ట్ వచ్చింది. రెండూ ఇరవై నాలుగు గంటలూ ప్రసారమయ్యేవే. రోజులో సగానికి పైగా నిద్రపోయే ప్రేక్షకులకు అంతసేపు కార్యక్రమాలెందుకని అడిగితే మనకు వ్యాపారం తెలియనట్టే. బేబీటీవీలో వాణిజ్య ప్రకటనలు ఉండవట. జేబుల్లేని చొక్కాలవాళ్లకు ఏం అమ్ముతారు? చందా కట్టే నాన్నకు మాత్రం ఒక భరోసా అమ్ముతారు, బిడ్డ బుర్ర పెరుగుతోందని. అదే భరోసాతో అమ్మిన బేబీ ఐన్‌స్టైన్ డీవీడీలు కొన్నవాళ్లకు 2009లో డబ్బు వాపసిస్తామన్న డిస్నీయే పదేళ్లకు బేబీటీవీకి యజమాని అయింది.

బేబీటీవీ పుట్టిన ఏడాదే సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనా మాండరిన్ మాట్లాడే మనుషులు పన్నెండుసార్లు కూర్చుని ఆడించి, పుస్తకాలు చదివితే, ఆ భాషలోని ధ్వనుల తేడాలు పిల్లలకు పట్టుబడ్డాయి. అవే మాటలు టీవీలో చూసిన పిల్లలకు ఏమీ అబ్బలేదు. ఈ లెక్కన ఛత్తీస్‌గఢ్‌లోని గనుల ఊరు కిరండూల్ పసివాళ్లు పుట్టు శ్రీమంతులు. బైలడిలా ఇనుపరాయి కోసం 1960ల్లో కొత్తవలస నుంచి వేసిన రైలుదారి ఖనిజాన్ని విశాఖకు దింపుతూ, తెలుగువాళ్లను కొండెక్కించింది. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, హల్బీ, సంతలో గోండి. సియాటిల్‌లో పరిశోధకులు పనిగట్టుకుని ఏర్పాటు చేసినది ఇక్కడ గుమ్మం ముందే తిరుగుతుంటే, గాలి వస్తుందని తలుపేసుకుని, ఏ ఊరిదీ కాని టీవీ ఏనుగుబొమ్మను బిడ్డకు గురువుగా కూర్చోబెడుతున్నాం.

"గనిలో షిఫ్టు డ్యూటీ, అమ్మమ్మేమో విజయనగరంలో. పిల్లను మీ కాలమ్ ఎత్తుకుంటుందా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కుక్కరు మూడు కూతలు కూసేదాకా తల్లికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆ పూటకు టీవీ పెడితే ఇల్లేమీ కూలదు. కానీ దానికి అమ్మటీవీ అని పేరు పెడితే నిజాయతీగా ఉంటుంది, చదువు అనొద్దు. ఫ్రాన్స్ 2008లోనే మూడేళ్లలోపు పిల్లల కోసమంటూ స్వదేశీ చానళ్లు కార్యక్రమాలు వెయ్యకూడదంది, బయటినుంచి వచ్చేవాటికి హెచ్చరిక తగిలించింది. ఏడాదిలోపు బిడ్డకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మరి అమ్మమ్మ వీడియో కాల్ కూడా తెరేగా? 2016లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాదిన్నరలోపు వాళ్లకు తెర వద్దంటూనే వీడియో కాల్‌ను మాత్రం మినహాయించింది. పిల్ల ‘ఊ’ అంటే అమ్మమ్మ తిరిగి ‘ఊ’ అంటుంది, పిల్ల ఏడిస్తే పాట ఆపి కారణం అడుగుతుంది. ఈ సదుపాయం ఏ డీటీహెచ్ ప్యాకేజీలోనూ ఇంకా పెట్టలేదు.