నాగా ఎరుగని చేతులు

ఆరోగ్యశాఖవారికో శుభవార్త. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వాడల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లలో చేతినొప్పికి సిక్‌లీవు పెట్టినావిడ ఒక్కరూ లేరు. సెలవు చీటీ లేదు, డాక్టరు సర్టిఫికెట్ లేదు, జీతంలో కోత లేదు. కోయడానికి జీతమంటూ ఉంటే గదా! వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. చుడితే కూలి, చుట్టకుంటే సున్నా. సెలవే లేని చోట గైర్హాజరు ఎక్కడిది? గైర్హాజరు లేని చోట నొప్పి ఎక్కడిది? కాగితాల ప్రకారం దేశంలోకెల్లా గట్టి చేతులు ఇవే. సన్మానం చేయండి.

నానిన తునికాకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. వెయ్యి బీడీలంటే ఈ వరుసంతా వెయ్యిసార్లు, వంచిన మెడ ఎత్తకుండా. రాత్రికి “రెక్కలు గుంజుతున్నయ్, వేళ్లు తిమ్మిరెక్కుతున్నయ్” అంటే మందుల షాపులో ఒక గోలీ. తెల్లారితే మళ్లీ చాట.

చేతినొప్పికి చేయి ఒక్కటే కారణం కాదు, మనసు కూడా కారణమని పెద్ద చదువుల వాళ్లు చెబుతారు. నిజమే చెబుతారు. సౌతాంప్టన్ పరిశోధకులు ముందుండి నడిపిన క్యూపిడ్ అధ్యయనం 18 దేశాల్లో 47 వృత్తి బృందాలను, దాదాపు 12 వేల మందిని పరిశీలించింది. ఒకే రకం పని చేసేవాళ్లలో కూడా దేశాన్ని బట్టి పని చేయనివ్వనంత నొప్పి ఒకచోట కొద్దిమందికి, మరోచోట ఎన్నో రెట్ల మందికి ఉందని తేల్చింది. అంటే చేతిపని ఒక్కటే కారణం కాదన్నమాట. 1980లలో ఆస్ట్రేలియాలో టైపిస్టులు, టెలిఫోన్ ఉద్యోగులు చేతినొప్పితో కుప్పలుగా సెలవులు పెడితే, ఇది కండరాలదా, మనసుదా అని డాక్టర్లూ కోర్టులూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. వాళ్లు అదృష్టవంతులు. వాళ్ల నొప్పి మీద తగవు పడేందుకైనా ఎవరో ఉన్నారు.

సరే, మనసే అనుకుందాం. బీడీ కార్మికురాలి మనసులో ఏముందో సోదా చేద్దాం. నెలలో పని దొరికే రోజులు ఎన్ని అన్న బెంగ ఉంది. చుట్టి తీసుకెళ్తే బాగాలేవని ఎన్ని తీసేస్తారో అన్న గుబులు ఉంది. సంఘం కిస్తు ఉంది. దుబాయి పోయిన భర్త, అతన్ని పంపించడానికి తెచ్చిన అప్పు ఉన్నాయి. వీటికే పుస్తకాల్లో పని మీద అదుపు లేకపోవడం, ఉద్యోగ అభద్రత, ఆసరా లేకపోవడం అని మర్యాదైన పేర్లున్నాయి. మందేమిటయ్యా అంటే ఒత్తిడి తగ్గించుకో, గాఢంగా ఊపిరి పీల్చు అంటారు. ఆ ఇంట్లో గాఢంగా పీలిస్తే లోపలికి పోయేది తంబాకు దుమ్ము.

కదిపితే నొప్పి పెరుగుతుందన్న భయంతో పని మానేసే రోగి గురించి వైద్యగ్రంథాలు వివరంగా రాశాయి. ఈమెది తిరగబడ్డ భయం. ఆపితే బీడీ పని కార్డు పోతుందని కదుపుతూనే ఉంటుంది. ఈ భయానికి చికిత్స డాక్టరు చేతిలో లేదు, కార్ఖానా లెక్కల పుస్తకంలో ఉంది.

పక్కనే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి. బొగ్గుబాయి కార్మికుడు నాగా పెడితే మస్టరులో పడుతుంది. చట్టం ప్రకారం ఏడాదికి తగినన్ని మస్టర్లు నిండితే జీతంతో సెలవు వస్తుంది. వరసగా నాగాలైతే చార్జిషీటూ వస్తుంది. చార్జిషీటు చెడ్డదే, కానీ అందులో మనిషి పేరు ఉంటుంది. బీడీ చుట్టే ఆమె నాగా పెడితే మందలించే దిక్కు కూడా లేదు.

చట్టం లేదా అంటే, 2025 దాకా భేషుగ్గా ఉండేది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లనూ కార్మికులుగానే గుర్తించింది, 20 రోజుల పనికి ఒక రోజు కూలితో సెలవు రాసింది. ఆ సెలవు కాగితం మీదే హాయిగా విశ్రాంతి తీసుకుంది. వీళ్ల సంక్షేమానికి 1976 నాటి చట్టం కింద వసూలైన సెస్సు 2017లో జీఎస్టీ రాగానే రద్దయింది, బీడీ మీద పన్ను మాత్రం అప్పుడు 28 శాతమైంది. 2015లో రాష్ట్రంలో బీడీ కార్మికులకు వచ్చిన పింఛను మెచ్చుకోదగ్గదే, కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలన్నారు. నొప్పికి ఆ తేదీ తెలియదు పాపం, తర్వాత పనిలో చేరినవాళ్లకూ వచ్చింది.

2016 నుంచి పొగాకు ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. తాగేవాడి క్యాన్సర్‌కు అంత చోటుంది. చుట్టిన చేతికి గోరంత లేదు.

కాబట్టి పరిశోధకులారా, అధికారులారా, బీడీ సేట్లూ! మనసును వెతకడం మానమని ఎవరూ అనడం లేదు. ముందు కూలి గిట్టుబాటు చేయండి, బీడీ కార్మికుల దవాఖానాల్లో ఊపిరితిత్తులతో పాటు చేతులూ చూడండి, చట్టం రాసిన సెలవును ఇంటి గడప దాకా తెండి. ముందు సెలవివ్వండి. ఎందుకు పెట్టిందో తర్వాత పరిశోధించవచ్చు.