యాప్ పోయి బాట్ వచ్చె!

యాప్‌ల పని అయిపోయిందట. ఇక అంతా చాట్‌బాటేనట. ఏం కావాలో చెబితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందట. సంతోషం. మరి బ్యాంకుకొకటి, బస్సుకొకటి, కరెంటు బిల్లుకొకటి అంటూ ఇన్నాళ్లూ మన ఫోన్లలో కుక్కించిన యాప్‌లను ఏ గోదాట్లో కలపాలో కూడా అదే చెబుతుందా?

ఈ దండోరా కొత్తదేం కాదు. 2016లో ఫేస్‌బుక్ తన మెసెంజర్‌లోకి బాట్లను పిలిచి ఇదే హడావుడి చేసింది. వేదిక మీద బాట్‌తో పూలు కొని చూపించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ పెద్ద సత్య నాదెళ్ల కూడా బాట్ల పాటే పాడారు. చప్పట్లు మోగాయి. తర్వాత? యాప్‌లు చావలేదు. ఆ బాట్లు బతకలేదు. ఇప్పుడు కొత్త బాట్లొచ్చి యాప్‌లతో ఒకే కొంపలో కాపురం పెట్టాయి. పని కాదని చెప్పడానికి యాప్. అందుకు చింతిస్తున్నామని చెప్పడానికి దాని లోపల బాట్. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి?

కస్టమర్ కేర్‌లో ఒకప్పుడు మనిషి ఉండేవాడు. విసుక్కునేవాడు. లైన్లో ఉండమని మాయమయ్యేవాడు. అయినా మనిషే కదా, గట్టిగా అరిస్తే ఉలిక్కిపడేవాడు. ఇప్పుడు ‘డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు’ అని రాయండి. ‘టికెట్ బుక్ చేయాలనుకుంటున్నారా?’ అంటుంది. ‘కాదు, డబ్బులు పోయాయి’ అనండి. ‘అద్భుతం! ఎక్కడి నుంచి ఎక్కడికి?’ అంటుంది. దాన్ని తిట్టి ఏం లాభం? సిగ్గుపడటం దానికి నేర్పలేదు. నేర్పించినవాళ్ల దగ్గర ఆ సరుకుంటే కదా!

స్వీడన్‌కు చెందిన క్లార్నా కంపెనీ 2024లో తన బాట్ 700 మంది ఉద్యోగుల పని చేసేస్తోందని కాలరెగరేసింది. ఏడాది తిరిగేసరికి నాణ్యత దెబ్బతిందని ఒప్పుకొని, మళ్లీ మనుషుల కోసం వెతుక్కుంది. మధ్యలో అల్లాడిన వినియోగదారుల సంగతి? ప్రయోగశాలలో ఎలుకను క్షమాపణ అడుగుతారా ఎవరైనా?

అసలు గుట్టు ఎయిర్ కెనడా విప్పింది. బామ్మ పోయిన ఒక ప్రయాణికుడు ఛార్జీలో రాయితీ గురించి ఆ సంస్థ బాట్‌ను అడిగాడు. ముందు టికెట్ కొనుక్కో, 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకో అంది బాట్. కొన్నాడు. పెట్టాడు. అలాంటి నిబంధనే లేదు పొమ్మంది సంస్థ. గొడవ ట్రైబ్యునల్‌కెక్కింది. అక్కడ విమానాల కంపెనీ ఏం వాదించిందో తెలుసా? ఆ మాటలన్నది బాట్, మేం కాదు అన్నట్టుగా వాదించింది! తన మాటలకు తానే బాధ్యత వహించాల్సిన వేరే శాల్తీ అట అది. జీతం ఇవ్వరు, సెలవు ఇవ్వరు, తప్పు మాత్రం దాని నెత్తిన రుద్దుతారు. ట్రైబ్యునల్ ఆ వాదన చూసి విస్తుపోయింది. 2024 ఫిబ్రవరిలో వడ్డీ, ఫీజులతో కలిపి 812 కెనడా డాలర్లు కట్టమంది. అన్ని విమానాలున్న సంస్థ ఆ పాటి సొమ్ము దగ్గర అంత పెనుగులాడింది. డబ్బు కోసమా? కాదు. బాధ్యత వదిలించుకునే దారి తెరుచుకుంటుందేమోనని.

మన సర్కార్లు తక్కువ తిన్నాయా? కూలీ మాట నమ్మని ఢిల్లీ, యాప్‌ను నమ్మింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరును యాప్‌లోనే వేయాలంది. రోజుకు రెండు ఫొటోలు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే తవ్విన మట్టి ఏమైనట్టు? ఎండిన డొక్క ఏమైనట్టు? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే బండారం బయటపెట్టుకుంది. పనితో సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారట. ఫొటోకు ఫొటో తీసి హాజరు వేస్తున్నారట. మరి మందేమిటి? ఫొటోలను మనుషులే కూర్చుని సరిచూడాలట! మనిషిని నమ్మక యాప్, యాప్‌ను నమ్మక మనిషి. భలే.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది. తొలిరోజే 161 సేవలు. ఆఫీసుల చుట్టూ తిరిగే తిప్పలు తగ్గితే మంచిదే, కాదనేవాళ్లెవరు? కానీ సేవల సంఖ్య చెప్పినంత దర్జాగా ఇంకో లెక్క చెబుతారా? ఎన్ని దరఖాస్తులు గడువులోపు తేలాయి? ఎన్ని ఎవరి టేబుల్ మీద నిద్రపోతున్నాయి? బాట్ అర్ధరాత్రి రెండింటికైనా దరఖాస్తు పుచ్చుకుంటుంది. సంతకం పెట్టాల్సిన సారు తెల్లారి పదకొండింటికి కదా వచ్చేది! అన్నట్టు, యాప్‌ల అవసరం లేకుండా చేసే ఈ బాట్ కాపురం ఎక్కడ? వాట్సాప్‌లో. అదేమిటి? యాప్. ఎవరిది? అమెరికాలోని మెటాది.

రేపు ఇంకో మెట్టెక్కుతారట. బాటే మన తరఫున యాప్‌లు నొక్కుతుందట. హైదరాబాద్‌కు టికెట్ కొనమంటే అహ్మదాబాద్‌కు కొంటే? యాప్ వాళ్లు బాట్ వాళ్లను అడగమంటారు. బాట్ వాళ్లు బ్యాంకును అడగమంటారు. బ్యాంకు వాళ్లు ‘ఓటీపీ మీరే ఇచ్చారుగా సార్’ అంటారు. ఆ ముగ్గురిలో ఎవరి చొక్కా పట్టుకుంటారు?

వినియోగదారుల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. దానికి వాట్సాప్ ఉంది. యాప్ కూడా ఉంది. యాప్ మీద ఫిర్యాదు చేయడానికి యాప్! అయితే 1915కు ఫోన్ కూడా చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అవతల మనిషి ఉంటాడు. ఆ సంగతి ఇంకా ఏ పెద్దాయన కంటా పడినట్టు లేదు.