పాఠకులు దయచేసి బయట కూర్చోగలరు

నవంబరు 14 నుంచి 20 దాకా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదువుకోవడానికి వీల్లేదు. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మరి! తలుపు మీద కాగితం కూడా అంటించారు: ‘పాఠకులు సహకరించగలరు’ అని. సహకరించడమంటే కుర్చీ ఖాళీ చేయడమని ఇక్కడి పాఠకులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ కుర్చీల గురించి కాస్త చెప్పుకోవాలి. తలుపు తీయకముందే మెట్ల మీద సంచులు, నీళ్ల సీసాలు, పరీక్ష అట్టలు వరసలో ఉంటాయి. గ్రూప్‌-2 వాళ్లు, డీఎస్సీ వాళ్లు, కానిస్టేబుల్ రాతపరీక్ష వాళ్లు. తాళం తీయగానే ఎవరి చేతిరుమాలు ముందు కుర్చీ మీద పడితే కుర్చీ వాళ్లది. గ్రంథాలయం పుస్తకాలతో వీళ్లకు పనిలేదు, ఎవరి మెటీరియల్ వాళ్లు తెచ్చుకుంటారు. గ్రంథాలయం వీళ్లకిచ్చేవి మూడే: ఒక ఫ్యాను, ఒక కుర్చీ, ‘ఇంకెన్నాళ్లురా’ అని ఎవరూ అడగని కాసింత ప్రశాంతత. మూడోది ఏ బడ్జెట్లోనూ దొరకదు.

వారోత్సవాల్లో ఈ మూడూ ముఖ్య అతిథులకు వెళ్లిపోతాయి. కుర్చీలన్నీ వేదిక ముందు వరసలు కడతాయి, పాఠకులు వేపచెట్టు కిందికి చేరతారు. అక్కడ అరుగుంది, నీడుంది. మైకు మోత కూడా శుభ్రంగా వినిపిస్తుంది.

మొదటిరోజు నెహ్రూ గారికి, అయ్యంకి వెంకటరమణయ్య గారికి, ఎస్.ఆర్. రంగనాథన్ గారికి పూలదండలు. ఫ్లెక్సీ మీద ఆ ముగ్గురూ పైన ఓ మూలన సర్దుకుని, మిగతా స్థలమంతా బతికున్నవాళ్లకు వదిలేశారు. తర్వాత సన్మానాలు. తొలి శాలువా పురపాలక పెద్దకి.

ఈ శాలువా విశేషం తెలియాలంటే కొంచెం చట్టం తెలియాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. నమ్మకపోతే ఇంట్లో రసీదు తీసి చూడండి. మున్సిపాలిటీలూ పంచాయతీలూ దాన్ని మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలు దాకా చట్టం పరుగెత్తుతుంది, జమ దగ్గరికొచ్చేసరికి దానికి మోకాళ్ల నొప్పులు. కొత్త పుస్తకాలెందుకు రాలేదంటే సెస్సు బకాయి, ఫ్యాను ఎందుకు తిరగదంటే సెస్సు బకాయి. ఆ బకాయి ఉన్నాయనకే ఈ శాలువా. బాకీ రావాల్సినవాడు బాకీపడ్డవాడికి శాలువా కప్పి దండం పెట్టే పద్ధతి మా ఊరి వడ్డీవ్యాపారులు ఎందుకో ఇంకా పట్టుకోలేదు.

సన్మానం అందుకున్న పెద్దాయన మైకు పట్టుకున్నారు. ఈ తరం చదవడం పూర్తిగా మానేసిందని బాధపడ్డారు. పుస్తకం పట్టుకున్న కుర్రాడు కనపడి ఎన్నాళ్లయిందో అన్నారు. వేదిక మీంచి చూస్తే నిజంగానే కనపడరు, గోడ అడ్డం. ఆ ఊపులోనే అయ్యంకి గారు స్వాతంత్ర్యం రాగానే 1947లో గ్రంథాలయోద్యమం మొదలుపెట్టారని సెలవిచ్చారు.

కిటికీ అవతల్నుంచి ఓ గొంతు వినిపించింది. “1914 సార్! ఏప్రిల్ 10, బెజవాడ.”

“ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం సార్,” ఇంకో గొంతు.

“‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక 1915,” ఈసారి ఆడపిల్ల. “హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901. కొమర్రాజు వారూ, రావిచెట్టు రంగారావు గారూ...”

“నువ్వుండవే, అది మన సిలబస్ కాదు.”

పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. “చూశారా! పిల్లలకి ఇంత పరిజ్ఞానం ఎక్కణ్నుంచి వచ్చింది? గ్రంథాలయం వల్ల!” అన్నారు. కుర్చీల్లోంచి చప్పట్లు. అరుగు మీది వాళ్లు మాత్రం మళ్లీ తల దించుకుని బిట్లలో పడ్డారు. ఉద్యమమంతా వాళ్ల లెక్కలో ఒక్క మార్కు. గ్రూప్‌-2లో తప్పు రాస్తే మూడోవంతు కోత. వేదిక మీద ఆ కోత లేదు.

రెండోరోజు పుస్తక ప్రదర్శన. బీరువాలో ఉన్న పుస్తకాల్ని తీసి, దులిపి, బల్ల మీద తెల్లదుప్పటి పరిచి నిలబెట్టారు. ముందు ఓ తాడు కట్టారు. రోజూ పేపరుకొచ్చే పింఛనుదారు ఒకాయన తాడు ఇవతల నిలబడి, తను ఎప్పట్నుంచో అడుగుతున్న నవల కనపడగానే పొంగిపోయారు.

“అమ్మా, ఇది ఇంటికి తీసుకెళ్లొచ్చా?”

“ప్రదర్శనలో ఉంది కదా మాస్టారూ, ఇప్పుడు కుదరదు.”

“సరే, వారోత్సవాలయ్యాక వస్తాను.”

“అయ్యాక బీరువాలో ఉంటుంది.”

నవ్వకండి. ఆ గ్రంథపాలకురాలి మీద నాకు కోపం లేదు, మీకూ వద్దు. ఆవిడకు ఇంకో రెండు శాఖల ఇన్‌ఛార్జి బాధ్యత ఉంది. తాళాలు ఆవిడతోపాటే బస్సెక్కుతాయి. ఒక పుస్తకం పోతే ఆడిట్‌లో లెక్క చెప్పాల్సింది ఆవిడ. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని పుస్తకానికి మాత్రం లెక్క చెప్పమని ఏ ఆడిటరూ అడగడు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని రంగనాథన్ గారు 1931లోనే తన మొదటి సూత్రంగా రాశారు. ఆయన దండ ఇంకా వాడలేదు.

మా ఊరున్న ఇదే కృష్ణా డెల్టాలో 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. రేవు రేవుకీ పడవ ఆగేది, జనం పుస్తకం తీసుకునేవాళ్లు. అప్పుడు పుస్తకం పాఠకుణ్ని వెతుక్కుంటూ పోయింది. పక్కా భవనం కట్టాక దానికి తాళం పడింది.

తర్వాతి రోజులు పోటీలవి. ముగ్గులు, పాటలు, క్విజ్. వారోత్సవాల్లో ఒకరోజు మహిళా దినోత్సవం, ఆ రోజు కుర్చీలాట. కుర్చీల కొరతలో ఏడాదంతా ఆరితేరిన అభ్యర్థులకు ఇందులో ప్రవేశం లేకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ‘పుస్తక పఠన ప్రాముఖ్యం’ మీద వ్యాసరచనలో మొదటి బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. పుస్తకం ఇవ్వొచ్చు కదా అంటే, పుస్తకమిస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారట.

ఇక్కడ ఒక్క కార్యక్రమమూ మంచిది జరగదని మాత్రం అనను. ఎండాకాలం వేసవి విజ్ఞాన శిబిరం పెడతారు. పోయిన వేసవిలో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు చాప మీద బాసింపట్టు వేసుకుని పిల్లలతో కథలు చదివించారు. ఒకడు దెయ్యం గొంతుతో చదువుతుంటే మిగతావాళ్లు మాస్టారి పంచె పట్టుకున్నారు. కథ మధ్యలో కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు, పైగా దెయ్యానికి గిరాకీ పెరిగింది. శాలువా లేదు, ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. అందువల్ల అది కార్యక్రమం కింద లెక్కకు రాలేదు. నివేదికలో ఒక్క ముక్కలో సరిపెట్టారని విన్నాను.

వారోత్సవాల నివేదికకు మాత్రం ఆల్బమే ఉంది. ముగింపు సభ ఫొటో మర్నాడు జిల్లా ఎడిషన్లో పడింది. పొద్దున్నే పేపరు రాగానే సిబ్బంది ఆ ఫొటోను కత్తెరతో నీటుగా కత్తిరించి ఆల్బమ్‌లో అంటించారు. పేపరుకు నాలుగు కాలమ్‌ల కిటికీ పడింది.

21న కుర్చీలు వెనక్కొచ్చాయి, చేతిరుమాళ్లూ వచ్చాయి. పది గంటలకల్లా హాల్లో కలకలం. కత్తిరించిన ఫొటో వెనకవైపు పేజీలో ఏదో ఉద్యోగ ప్రకటన ఉండేదట. పోస్టుల సంఖ్య ఉంది, అర్హతలున్నాయి, ఆఖరు తేదీ ఉన్నచోట కన్నం ఉంది.

“మేడమ్, ఆ ఆల్బమ్ ఒక్కసారి ఇస్తారా? చూసి ఇచ్చేస్తాం.”

“గమ్ముతో అంటించేశాం బాబూ. ఊడదీస్తే చైర్మన్ గారి ముఖం చిరుగుతుంది. అయినా అది రిఫరెన్స్ కింద వస్తుంది, బయటికివ్వం.”