వల అడ్డం

2020 భోగికి మండవల్లిలో మా బాబాయి ఇంట్లో ఉన్నాను. సరిగ్గా ఆ రోజే, జనవరి 14న, విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. తెల్లవారుజామున వీధిలో భోగిమంట వేశాం. పొద్దెక్కాక హాల్లో ఉన్న పాత డెస్క్‌టాప్ ముందు కూర్చున్నాను.

"పాతది తీసేసే రోజే కదా బాబాయ్, దీనికి విండోస్ 10 ఎక్కించేస్తాను" అన్నాను.

బాబాయికి చేపల చెరువులున్నాయి. వాటి లెక్కలు నోటుపుస్తకంలో ఉంటాయి. కంప్యూటర్లో ఉన్నవి పిన్ని ఫోటోలు. పిన్ని పోయి అప్పటికి మూడేళ్లు. ఆ ఫోటోలు తీసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. రోజూ రాత్రి భోంచేశాక బాబాయి ఒక్కడే కూర్చుని అవి చూసుకునేవాడు. కొన్నాళ్లుగా ఒక్కో ఫోటో తెరుచుకోవడానికి నిమిషం పైన పడుతోంది.

"మీ పిన్ని ఫోటోలు జాగ్రత్తరా."

"అన్నీ డి డ్రైవ్‌లో పెట్టేశాను. ఫార్మాట్ చేసేది సి డ్రైవ్ ఒక్కటే. వాటికేం కాదు."

తలూపి చెరువు మీదికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. పండగనాడు బాగానే నడిచింది. కనుమ నాటికి మళ్లీ మొదటికొచ్చింది. కొత్తగా ఎక్కించిన విండోస్ ఒకటి రెండు రోజులు వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లన్నిటికీ సూచిక తయారు చేసుకుంటుంది. అదే అనుకుని ఒక రోజు ఆగాను. తర్వాత మదర్‌బోర్డ్ డ్రైవర్లు వేశాను. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఆపేశాను. అయినా లాభం లేకపోయింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్టు చూపిస్తోంది, చదివేది మాత్రం సెకనుకు ఒక ఎంబీ కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయి నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్లాడు. నీళ్లలో వరసగా పాతిన వెదుళ్లకు చిల్లులు పొడిచిన తవుడు సంచులు కట్టి ఉన్నాయి. బొచ్చెలు, శీలావతులు వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత తింటాయి.

"సంచిలో తవుడు మిగిలిపోతే సంచి మార్చంరా. చేపకేమైందో చూస్తాం" అన్నాడు. పక్క చెరువు ఎండగట్టి ఉంది. అడుగుమట్టి నెర్రెలిచ్చింది, పైన చల్లిన సున్నం తెల్లగా కనిపిస్తోంది. "అడుగు బాగుచెయ్యకుండా కొత్త నీళ్లు పెడితే ఏం లాభం? నువ్వూ నీళ్లు మార్చావు. అడుగు చూశావా?"

చూడలేదు. ఇంటికి పరిగెత్తుకొచ్చి డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ నడిపాను. పసుపు రంగు హెచ్చరిక వచ్చింది. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు వందల్లో ఉన్నాయి. చదవలేకపోతున్నవి మరికొన్ని. అలాంటి చోటు తగిలినప్పుడల్లా డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ కంప్యూటర్ ఆగిపోయినట్టుంటుంది. ఆ నిదానం విండోస్‌ది కాదు, డిస్క్ జబ్బుపడి మూలుగుతోంది. ఆ మూలుగు విని నేను చెయ్యాల్సిన మొదటి పని ఫోటోలన్నీ వేరే డిస్క్‌లోకి తీసిపెట్టడం. అది మానేసి, జబ్బుమనిషి నెత్తిన బస్తా ఎత్తినట్టు, దాని మీద కొత్త విండోస్ ఎక్కించాను.

పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టాను. పదిహేడు ఫోటోలు వచ్చాయి. పద్దెనిమిదో దాని దగ్గర లోపల టక్ టక్‌మని చప్పుడైంది, తెర కదలకుండా నిలిచిపోయింది. ఆపి ఆన్ చేస్తే కంప్యూటర్ అసలు డిస్క్‌నే గుర్తుపట్టలేదు. తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాను. ఇంకో పోర్టుకు మార్చాను. అయినా గుర్తుపట్టలేదు.

బాబాయి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"విండోస్ ఉన్నది సి డ్రైవ్‌లో కదా. మీ పిన్ని ఫోటోలు డిలో ఉన్నాయన్నావుగా?"

"రెండూ ఒకటే డిస్క్ బాబాయ్. ఒకే డిస్క్‌ని రెండు భాగాలు చేసి, రెండు పేర్లు పెడతారు."

చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే ఒకే చెరువులో వల అడ్డం కట్టావు."

"అవును బాబాయ్."

"వల కడితే చేప అటూ ఇటూ పోదు. నీళ్లు మాత్రం ఒకటేగా. మబ్బు పట్టిన తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే, వలకి ఇటు చేపా తేలిపోద్ది, అటు చేపా తేలిపోద్ది."

నాకు ఏడుపొచ్చింది. "ఇంత తెలిసినవాడివి, ఆ రోజే ఒక్క మాట అడగకపోయావా బాబాయ్?"

పెన్‌డ్రైవ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"చెరువైతే అడిగేవాణ్ణేరా. నువ్వు చదువుకున్నవాడివి కదా అని ఊరుకున్నాను."