రిటర్న్ నింపకండి

జీతమో పెన్షనో, దాని మీద కాస్త బ్యాంకు వడ్డీ, ఉంటే ఒక సొంతిల్లు. ఏడాది ఆదాయం 50 లక్షల లోపు. ఇలాంటివాళ్లకు నా మొదటి సలహా ఆడిటర్లకు అస్సలు నచ్చదు: ఐటీ రిటర్న్ నింపే పని పెట్టుకోకండి. అది చాలావరకు నింపే ఉంది. మీకు ఎంత జీతం ఇచ్చారో, అందులో ఎంత టీడీఎస్ కోశారో మీ ఆఫీసువాళ్లు ఆదాయపు పన్ను శాఖకు ఎప్పుడో చెప్పేశారు. వడ్డీ సంగతి బ్యాంకు చెప్పింది. శాఖ పోర్టల్లో మీ పాన్‌తో లాగిన్ అయి ఐటీఆర్-1 తెరవండి, ఆ అంకెలే కనిపిస్తాయి. మీకు మిగిలింది సరిచూసి ఒప్పుకోవడం. దీనికి ప్రభుత్వం పైసా తీసుకోదు. ఇంగ్లీషు ఫారం చూసి బెదిరి ఐదొందలో వెయ్యో ఇచ్చుకునేవాళ్లలో ఎంతోమందికి ఆ అవసరమే లేదు. షేర్లు అమ్మినా, వ్యాపారం ఉన్నా, విదేశాల్లో ఆదాయం ఉన్నా సంగతి వేరు. అప్పుడు మంచి ఆడిటర్ దగ్గరకే వెళ్లండి, ఆయన ఫీజు ఆయనకు ఇవ్వండి.

రెండోది, తొందరపడకండి. ఏప్రిల్లోనే వేసేస్తే రిఫండ్ ముందు వస్తుందని చెప్పేవాళ్లుంటారు. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ లెక్కలు పంపడానికి ఆఫీసులకూ బ్యాంకులకూ మే 31 వరకు గడువుంటుంది. జీతం, టీడీఎస్ వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం-16 మీ చేతికి రావడానికి జూన్ 15. ఈలోగా వేస్తే సగం లెక్కతో వేసినట్టే. తర్వాత రిటర్నులు పరిశీలించే బెంగళూరు కేంద్రం (సీపీసీ) నుంచి తేడా ఉందని కబురొస్తే మళ్లీ సవరించుకోవాలి. జూన్ నెలాఖరులో ఒక ఆదివారం దీనికి కేటాయించండి. అలాగని గడువు తేదీ జూలై 31 రాత్రి దాకా మాత్రం ఆగొద్దు.

ఆ ఆదివారం ఫారం జోలికి వెళ్లకముందు ఏఐఎస్ తెరవండి. మీ పాన్ మీద శాఖకు చేరిన సమాచారమంతా వరసగా ఉండే పట్టిక అది. పాస్‌బుక్కులు పక్కన పెట్టుకుని ఒక్కో వరస చూడండి. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో మూడు వందల వడ్డీ కనిపిస్తుంది, అది కలపాల్సిందే. అమ్మ డబ్బు జాయింట్ ఎఫ్‌డీ వేసి మొదటి పేరు మీది పెట్టుంటే, వడ్డీ మొత్తం మీ లెక్కలో పడి ఉంటుంది. కంగారు పడకండి. ప్రతి వరస దగ్గరా ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. పూర్తిగా సరికాదనో, వేరే పాన్‌కి చెందిందనో, రెండుసార్లు పడిందనో అక్కడే చెప్పొచ్చు. నా ఉద్దేశంలో రిటర్న్ పని అంటే అసలు ఇదే. ఈ అరగంట పని మీ తరఫున ఎవరూ చేయలేరు, ఎందుకంటే ఆ ఎఫ్‌డీలో డబ్బు ఎవరిదో మీకే తెలుసు.

పన్ను లేకపోతే రిటర్న్ దేనికి అనే మాట నమ్మకండి. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా రిబేటు ఉంది. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా కలుస్తుంది. కానీ ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేసి తీరాలి. తొమ్మిది లక్షల జీతం వచ్చే నర్సు కట్టాల్సిన పన్ను సున్నా. ఆమె గడువు దాటి వేస్తే మాత్రం ఆలస్య రుసుం 5,000. ఖజానాకు రూపాయి బాకీ లేని మనిషి మీద, ఖజానాకు ముందే తెలిసిన అంకెలు ఆలస్యంగా చెప్పినందుకు వేసే జరిమానా ఇది. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

పెద్ద రిఫండ్ ఇప్పిస్తానని వచ్చేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి. వచ్చినదాంట్లో నాకు పది శాతం చాలు అంటాడు. కట్టని అద్దె కట్టినట్టు, ఎన్నడూ పేరు వినని పార్టీకి మీరు విరాళమిచ్చినట్టు రాస్తాడు. 2025 జూలైలో శాఖ దేశమంతటా 150 చోట్ల ఇలాంటివాళ్ల మీద సోదాలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది తమ రిటర్నులు దిద్దుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా పడొచ్చు. అది పడేది మీ పాన్ మీద, అతని మీద కాదు.

రిటర్న్ ఎవరు వేసినా సరే, ప్రొఫైల్లో ఫోన్ నంబరు, ఈమెయిలు మీవే ఉండాలి. మా పక్కింటి మాస్టారు రిటైరైన దగ్గర్నుంచి ఒక నెట్ సెంటర్లో వేయిస్తున్నారు. "నోటీసు పంపామంటున్నారమ్మా, నాకేమీ రాలేదే" అంటూ ఓ సాయంత్రం వచ్చారు. పోర్టల్ తెరిచి చూస్తే ఈమెయిలు సెంటర్ వాళ్లది, ఫోన్ నంబరు వాళ్లదే. నోటీసుకు జవాబిచ్చే గడువు దాటిపోయింది. పాస్‌వర్డ్ ఏమిటంటే, సెంటర్ కుర్రాడి నోటుపుస్తకంలో ఉందన్నారు. అందులో ఊళ్లోవాళ్ల పాన్‌లన్నీ ఉన్నాయట, పక్కనే పాస్‌వర్డులూ. ఆ కుర్రాడిది దురుద్దేశం కాకపోవచ్చు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి తన లెక్క తనకు అందకుండా పోవడమే నన్ను బాధపెట్టింది. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి, నంబరూ మెయిలూ ఆయనవే పెట్టాం. పావుగంట కూడా పట్టలేదు.

వేశాక ఈ-వెరిఫై మర్చిపోకండి. ముప్ఫై రోజుల్లో ఓటీపీతో ఒప్పుకోకపోతే ఆ రోజు వేసినట్టు లెక్కకు రాదు.

చివరి సలహా అన్నిటికంటే మొండిది. రిటర్న్ వేయడం సులువు చేయమని అడగొద్దు, వేసే అవసరమే తీసేయమని అడగండి. ఇది కొత్త ఊహేమీ కాదు. 75 ఏళ్లు దాటి, పెన్షనూ వడ్డీ ఒకే బ్యాంకులో వచ్చేవాళ్లకు 2021 నుంచి ఈ వెసులుబాటు ఉంది. బ్యాంకుకు ఒక డిక్లరేషన్ ఇస్తే పన్ను లెక్క కట్టి కోసేది బ్యాంకే, రిటర్న్ అక్కర్లేదు. మరి 60 దాటిన మాస్టారికి ఎందుకు లేదు? ఒకే ఆఫీసులో జీతం తీసుకునే నర్సుకు ఎందుకు లేదు?

దొరికినదాన్ని చట్టంలో గట్టిగా రాయించుకోవాలి కూడా, లేకపోతే ఎప్పుడైనా తీసేయొచ్చు. అమెరికాలో ప్రభుత్వమే నేరుగా నడిపిన ఉచిత ఫైలింగ్ సేవ డైరెక్ట్ ఫైల్ 2024లో 12 రాష్ట్రాల్లో మొదలైంది.  మరుసటి ఏడాది 25 రాష్ట్రాలకు పాకింది. 2026కి ఆపేశారు.

బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ ప్రజల నుంచి సూచనలు తీసుకుంటుంది. ఈసారి మీరూ రెండు ముక్కలు రాయండి, తెలుగులోనే రాయండి, ఒక కాపీ మీ ఎంపీకి పంపండి. 75 ఏళ్ల నిబంధనను 60కి దించాలని ఒకటి, పన్ను సున్నా అయినవాళ్లకు ఆలస్య రుసుం ఎత్తేయాలని రెండోది.