పైపులోంచి కారుతున్న బొగ్గు

హైదరాబాద్ తాగే కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తుంది.

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. నీరు తనంతట తాను ఎక్కదు, మోటార్లు ఎక్కించాలి. మోటార్లకు కరెంటు కావాలి. కరెంటులో పెద్ద వాటా బొగ్గుది.

ఇంత దూరం, ఇంత ఎత్తు మోసుకొచ్చిన నీటిలో కొంత, తీరా నగరం చేరాక పాత పైపుల పగుళ్లలోంచి నేలపాలు. రోడ్డు మీద ఉబికేది నీరే కాదు, కాలిన బొగ్గు కూడా.

విరుగుడు, పైపు మార్చడం. కొత్తది డక్టైల్ ఇనుము పైపు. ఆ ఇనుమును కరిగించేది మళ్లీ బొగ్గే. తవ్వేది డీజిల్ తాగే జేసీబీ. పూడ్చాక పరిచేది సిమెంటు, సున్నపురాయిని కాల్చి చేసింది. పైపు మార్చకపోతే కాలుష్యం కిస్తీల్లో, మారిస్తే ఏకమొత్తంగా. ఆపైన, నిన్న వేసిన రోడ్డే ఇవాళ తవ్వే శాఖల సమన్వయం ఉచితం.

1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ నీరు మాత్రం పల్లం చూసుకుని, కరెంటు అడక్కుండా నగరానికి వచ్చింది. ఆ ఇంజినీర్లు ఏ వాతావరణ సదస్సుకూ వెళ్లలేదు పాపం.

దేశం నికర శూన్య ఉద్గారాలకు పెట్టుకున్న గడువు 2070. ఇవాళ పాతిన పైపులకు అప్పటికి 50 ఏళ్లు దగ్గరపడతాయి. మార్చాలన్న ఫైలు మళ్లీ కదిలే వయసు.